అమెరికాలో రాష్ట్ర ఆదాయపు పన్ను: శ్లాబు రేటు నుంచి అసలు రేటు లెక్కగట్టడం ఎలా?

భారతదేశంలో జీతంపై ఆదాయపు పన్ను కేంద్రానిదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వసూలు చేసేది ఏడాదికి 2,500 రూపాయలకు మించని వృత్తి పన్ను మాత్రమే. అందుకే ఇక్కడి నుంచి అమెరికా వెళ్లి ఉద్యోగంలో చేరినవారికి ఫెడరల్ (అమెరికా కేంద్ర) పన్ను పక్కనే రాష్ట్ర పన్ను కూడా పే స్లిప్‌లో కనబడితే కొత్తగా ఉంటుంది. కాలిఫోర్నియాలో 9.3 శాతం శ్లాబు అని విన్నవారు జీతమంతటి మీదా 9.3 శాతం పోతుందని అనుకోవడం సహజమే గాని, లెక్క అలా నడవదు.

1. ముందుగా మీ రాష్ట్రం ఏ తరహాదో చూసుకోండి

టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ సహా తొమ్మిది రాష్ట్రాలలో జీతంపై రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇల్లినాయిస్ 4.95 శాతం, పెన్సిల్వేనియా 3.07 శాతం చొప్పున అందరికీ ఒకే రేటు వేస్తాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటివి ఆదాయంతోపాటు రేటు పెరిగే శ్లాబుల పద్ధతిని అనుసరిస్తాయి.

2. పన్ను పడే ఆదాయాన్ని తేల్చండి

శ్లాబులు వర్తించేది జీతానికి కాదు, మినహాయింపులు తీసివేయగా మిగిలిన మొత్తానికి. 2024 సంవత్సరానికి కాలిఫోర్నియా స్టాండర్డ్ డిడక్షన్ ఒంటరి వ్యక్తికి 5,540 డాలర్లు, ఉమ్మడిగా రిటర్ను వేసే దంపతులకు 11,080 డాలర్లు. 1,20,000 డాలర్ల జీతం తప్ప వేరే ఆదాయం లేని అవివాహిత ఉద్యోగికి పన్ను పడే ఆదాయం 1,14,460 డాలర్లు. ఫెడరల్ రిటర్నులో వచ్చిన అంకెనే ఇక్కడా దించేయకండి: హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చుల కోసం దాచుకునే ఖాతాలో) జమ చేసిన సొమ్ముకు ఫెడరల్ పన్నులో మినహాయింపు ఉన్నా కాలిఫోర్నియా దాన్ని ఒప్పుకోదు; 401(కె)లో (ఉద్యోగ విరమణ పొదుపు ఖాతాలో) ఉద్యోగి దాచుకున్న సొమ్మును పెన్సిల్వేనియా జీతంలో భాగంగానే లెక్కిస్తుంది.

3. ఆదాయాన్ని శ్లాబులవారీగా విడదీయండి

లెక్క తలకిందులయ్యేది ఇక్కడే కాబట్టి నిదానంగా చేయండి. శ్లాబు మారినప్పుడు ఆ హద్దు దాటిన భాగానికే కొత్త రేటు పడుతుంది. కింది భాగాలు తమ పాత రేట్ల దగ్గరే ఉండిపోతాయి. ఒంటరి వ్యక్తికి 2024లో కాలిఫోర్నియా రేట్ల ప్రకారం మొదటి 10,756 డాలర్ల మీద 1 శాతం, అక్కడి నుంచి 25,499 వరకు 2 శాతం, 40,245 వరకు 4 శాతం, 55,866 వరకు 6 శాతం, 70,606 వరకు 8 శాతం, ఆపైన 3,60,659 వరకు 9.3 శాతం. మన ఉద్యోగికి 70,606 డాలర్ల వరకు పడే పన్ను అంతా కలిపి 3,108.72 డాలర్లే. మిగిలిన 43,854 డాలర్లపై 9.3 శాతం చొప్పున 4,078.42. మొత్తం 7,187.14. ఇందులోంచి వ్యక్తిగత క్రెడిట్ 149 డాలర్లు పోగా కట్టవలసింది సుమారు 7,038 డాలర్లు.

4. అసలు రేటు కట్టండి

7,038ని 1,20,000తో భాగిస్తే వచ్చేది 5.87 శాతం. ఈ ఉద్యోగి మీద పడిన అసలు రేటు ఇదే. భాగించేటప్పుడు కింద మొత్తం జీతం వేశారా, పన్ను పడే ఆదాయం వేశారా అన్నది గుర్తుంచుకుని, పోల్చే ప్రతిచోటా అదే వాడండి.

5. ఏ రేటు ఎందుకో తెలిసి వాడండి

ఇకమీదట వచ్చే డాలరు గురించి నిర్ణయించాలంటే శ్లాబు రేటే కావాలి: పై ఉద్యోగి 401(కె)లో మరో వెయ్యి డాలర్లు దాచుకుంటే కాలిఫోర్నియా పన్ను 93 డాలర్లు తగ్గుతుంది. రాష్ట్రాలను పోల్చాలంటే మాత్రం అసలు రేటే చూడాలి. కాలిఫోర్నియాకు పన్నుల రాష్ట్రమని పేరు. అయితే ఏడాదికి 50,000 డాలర్లు సంపాదించే ఒంటరి వ్యక్తి 2024లో అక్కడ కట్టేది సుమారు 1,096 డాలర్లు, అంటే 2.2 శాతం. అదే జీతానికి ఇల్లినాయిస్‌లో 2,775 డాలర్ల మినహాయింపు పోయాక కూడా సుమారు 2,338 డాలర్లవుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ! జీతం 1,20,000 అయితే మాత్రం ఇల్లినాయిస్‌లోనే తక్కువ: అక్కడ సుమారు 5,803 డాలర్లు. మీ జీతం చెప్పకుండా ఫలానా రాష్ట్రంలో పన్ను ఎక్కువా తక్కువా అని అడగడంలో అర్థం లేదు.

6. కోతను పన్నుగా పొరబడకండి

కాలిఫోర్నియాలో బోనస్ మీదా, స్టాక్ ఆప్షన్ల మీదా యజమానులు సాధారణంగా 10.23 శాతం చొప్పున కోస్తారు. అది ముందస్తు జమ మాత్రమే. రిటర్ను వేసినప్పుడు ఆ సొమ్ము కూడా జీతంతో కలిసి పై శ్లాబులలోకే వస్తుంది, ఎక్కువ కోసినది తిరిగి చేతికందుతుంది. ఏడాదిలో ఎంత కోశారో యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 అనే జీతం, పన్నుల పత్రంలోని 17వ గడిలో ఉంటుంది; నిజంగా ఎంత పన్ను పడిందో కాలిఫోర్నియా రిటర్ను అయిన 540 ఫారంలోని 64వ వరుసలో ఉంటుంది. అసలు రేటుకు రెండోదే ఆధారం.

7. ఏడాది మధ్యలో రాష్ట్రం మారితే

టెక్సాస్ నుంచి జులైలో కాలిఫోర్నియా వచ్చి, 1,20,000లో సగం అక్కడ సంపాదించినవారు ఆ 60,000కు ఒక శాతం శ్లాబు నుంచి మళ్లీ మొదలవుతుందని ఆశపడతారు. అలా అయితే క్రెడిట్‌కు ముందు పన్ను సుమారు 2,039 డాలర్లే అయ్యేది. కాని ఇలాంటివారు వేయవలసిన 540ఎన్‌ఆర్ ఫారం ఏడాది మొత్తం ఆదాయం మీద ముందు రేటు తేల్చి (ఇక్కడ 7,187ని 1,14,460తో భాగించగా 6.28 శాతం), ఆ రేటును కాలిఫోర్నియా వాటాకు వర్తింపజేస్తుంది. 60,000లోంచి స్టాండర్డ్ డిడక్షన్‌లో సగం పోగా ఆ వాటా 57,230 డాలర్లు, దానిపై పన్ను క్రెడిట్‌కు ముందు సుమారు 3,594 డాలర్లు.