నన్నారిని మరగనివ్వొద్దు

షర్బత్తు చేసేటప్పుడు మా అవ్వ నన్నారి వేర్లను పొయ్యి మీద పెట్టేది కాదు. "కాగిన నీళ్లు పోసి మూసిపెట్టు, పొద్దున చూద్దాం" అనేది. చిత్తూరులో 30 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఆ మాట పెడచెవిన పెట్టి మొదటిసారి అరగంట ఉడికించాను. వాసన వీధిలోకి పోయింది, షర్బత్తులో మిగల్లేదు.

ఆ వాసన 2-హైడ్రాక్సీ-4-మీథాక్సీ బెంజాల్డిహైడ్‌ది. ఐస్‌క్రీంలో వేసే వెనిలిన్‌కూ దీనికీ ఫార్ములా ఒకటే, సి8హెచ్8ఓ3. అణువులో పరమాణువుల సమూహాలు ఉన్న చోట్లే వేరు. ఇందులో హైడ్రాక్సీ సమూహం ఆల్డిహైడ్ పక్కనే ఉండి, దానితోనే హైడ్రోజన్ బంధం కట్టుకుంటుంది. అందుకే నీటిని గట్టిగా పట్టుకోక ఆవిరితో లేచిపోతుంది.

నన్నారి పేరుతో రెండు రకాల వేర్లు దొరుకుతాయి, కొనేటప్పుడు చూడండి: సన్నగా, పైన పగుళ్లతో ఉండేది సుగంధిపాల. వేలంత లావుగా ఉండేవి మారేడు కొమ్ములు, ఇవి వేరే మొక్కవి (మారేడు చెట్టువి కావు). రెంటిలోనూ వాసన ఇచ్చేది ఒకే పదార్థం. అయితే అడవిలో తవ్వి తవ్వి మారేడు కొమ్ముల మొక్క అంతరించే స్థితికి వచ్చింది. నేను సుగంధిపాలే కొంటాను, అదీ తోటలో పెంచింది దొరికితేనే.

50 గ్రాముల ఎండు వేర్లు కడిగి, రోట్లో నలగ్గొట్టి, నడిమి కట్టె తీసి పారేయండి. వాసనంతా బెరడులోనే. బెరడు మీద 300 మి.లీ. కాగిన నీళ్లు పోసి, బిగుతుగా మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున గుడ్డలో వడకడితే 250 మి.లీ. రావాలి, తగ్గితే నీళ్లు కలపండి. అందులో 500 గ్రాముల చక్కెర వేసి, గిన్నెను వేడినీళ్లలో కూర్చోబెట్టి, మూతపెట్టి, అప్పుడప్పుడు కలుపుతూ కరిగించండి. నీళ్లకు రెట్టింపు చక్కెర ఉంటే బూజు తొందరగా పట్టదు. తడిలేని సీసాలో పోయండి. తాగేటప్పుడు గ్లాసు చల్లటి నీళ్లకు 2 చెంచాలు, అర నిమ్మకాయ, నానిన సబ్జా.

ఆయుర్వేదంలో సుగంధిపాల పేరు శారిబ. ఒంటి వేడికి, మూత్రంలో మంటకు, చర్మం దురదలకు వాడతారు. ల్యాబులో ఈ వేరు సారం సూక్ష్మజీవులను ఆపినంత మాత్రాన ఒంట్లో జబ్బు నయం చేస్తుందని నేను చెప్పను. మంటతోపాటు జ్వరం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. షుగరున్నవాళ్లు చక్కెర కలపకుండా వడకట్టిన నీళ్లే తాగండి, అదీ మందులిచ్చే డాక్టరుకు చెప్పి.

వడకట్టిన పిప్పి పారేయకండి. అదే రోజు గుడ్డలో మూటకట్టి మంచినీళ్ల కుండలో వేస్తే సాయంత్రం దాకా నీళ్లు వాసనేస్తాయి.