వీణకు పనస, స్పీకరు పెట్టెకు ప్లైవుడ్

విజయనగరం జిల్లాలో మంచి స్పీకర్లను చేతితో చేయించుకోవాలనుకునే వారికి మొదట పనస చెక్కే గుర్తుకు వస్తుంది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేయడం జిల్లా అంతా ఎరిగిన పనే. అయితే వీణ కుండ తీగతో పాటు పలకాలి, స్పీకరు పెట్టె మాత్రం తనంతట తాను ఏమీ పలకకూడదు. పలికితే ఏ పాట పెట్టినా దానికి పెట్టె నాదమే అంటుకుంటుంది. కాబట్టి 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తీసుకోండి. ఎం.డి.ఎఫ్. (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక) కోయడానికి సులువే కానీ, మన తీరపు తేమకు దాని అంచులు ఉబ్బుతాయి. పనస మీద మమకారం ఉంటే పైన పల్చటి రేకుగా అతికించుకోవచ్చు.

చాలామంది పెట్టె కొలతను కంటికి నచ్చినట్టు నిర్ణయిస్తారు. అసలు తప్పు అక్కడే జరుగుతుంది. వూఫరుతో, అంటే మంద్ర ధ్వనులు పలికే పెద్ద స్పీకరుతో, వచ్చే కాగితంలో క్యుటిఎస్ (దాని ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పేది), వాస్ (దాని సాగుడుకు సమానమైన గాలి పరిమాణం, లీటర్లలో), ఎఫ్‌ఎస్ (అది సహజంగా కంపించే పౌనఃపున్యం) అనే మూడు అంకెలు ఉంటాయి. అవి లేని వూఫరును కొనకండి. గాలి రంధ్రం లేని మూసిన పెట్టెకు 0.707ను (మంద్రం సమంగా పలకడానికి ఎంచుకునే విలువ) క్యుటిఎస్‌తో భాగించి, వచ్చినదానిని వర్గం చేసి, అందులోంచి 1 తీసివేసి, ఆ ఫలితంతో వాస్‌ను భాగిస్తే లోపలి ఘనపరిమాణం వస్తుంది. ఉదాహరణకు క్యుటిఎస్ 0.40, వాస్ 20 లీటర్లు అయితే సుమారు 9.4 లీటర్లు కావాలి. వూఫరు వెనుక భాగమూ అడ్డపట్టీలూ ఆక్రమించే చోటును కలుపుకొని, లోపలి కొలతలను 18, 21, 28 సెంటీమీటర్లుగా పెడితే సరిపోతుంది. మూడు కొలతలూ సమానంగా ఉంటే లోపలి ప్రతిధ్వనులన్నీ ఒకే స్వరం దగ్గర పోగవుతాయి కనుక ఘనాకారం వద్దు.

వడ్రంగితో ముందే చెప్పవలసిన మాట ఒకటుంది: బీరువాలో సన్నని సందు మిగిలినా ఫరవాలేదు, ఇక్కడ గాలి పోయే సందు ఏదీ ఉండకూడదు. కీళ్లన్నింటికీ జిగురు నిండుగా పట్టించి, ఆరిన తరువాత లోపలి మూలల వెంట మరొక పూత వేయించండి. పక్క పలకల మధ్య అడ్డపట్టీని నట్టనడుమ కాక కొంచెం పక్కకు బిగిస్తే పలక అదురు తగ్గుతుంది. తరువాత పాలియెస్టర్ దూదిని వదులుగా నింపాలి.

వూఫరు బిగించాక దాని కోనును (ముందు కదిలే గరాటు వంటి పొరను) వేళ్లతో మెల్లగా నొక్కి వదలండి. నింపాదిగా వెనక్కు వస్తే పెట్టె బిగుతుగా ఉన్నట్టు, వెంటనే ఎగిరి వస్తే ఎక్కడో గాలి పోతున్నట్టు. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని వూఫరు తీగలకు క్షణం తాకించినప్పుడు, ప్లస్‌కు ప్లస్ కలిసి ఉంటే కోను ముందుకు రావాలి. ఈ పరీక్షను ట్వీటరుపై (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకరుపై) చేయకండి.

విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్‌తోనే తొలి పరీక్ష చేయాలనిపించడం సహజం. కానీ ఆ పాత రికార్డుల్లో మంద్రం పల్చన కాబట్టి పెట్టె లోపం బయటపడదు. ఈ కాలపు మృదంగం రికార్డింగు పెట్టి ఎడమవైపు దెబ్బను వినండి. దెబ్బ దెబ్బకూ మధ్య మోత మిగిలిపోతుంటే మరికొంత దూది చేర్చండి. అప్పటికీ తగ్గకపోతే స్పీకర్లను గోడకు దూరం జరపండి.