యాంటీవైరల్ మందుల మీద పని చేయాలనుకునే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకు

జూన్ వచ్చిందంటే ఊరి నుంచి ఒక ఫోన్ గ్యారంటీ. "అన్నా, ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయిపోయింది, బెంగళూరు వచ్చేస్తే ఏదైనా చూస్తావా?" చూస్తాను, బొమ్మసంద్ర, జిగణి వైపు కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలకు మనవాళ్లేం కొత్త కాదు, ల్యాబ్‌లో సగం గొడవ తెలుగులోనే నడుస్తుంది. కానీ "యాంటీవైరల్స్ మీదే రీసెర్చ్ చేస్తా" అనేవాళ్లకు ఫోన్‌లో చెప్తే తెమలదు.

ముందు చేతులు తిరగాలి. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌తో ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్ లాంటి చోట పీహెచ్‌డీకి వెళ్లినా, నేరుగా ఉద్యోగంలో చేరినా, మొదటి రెండేళ్లు రియాక్షన్ పెట్టడం, అది ఎంతవరకు వచ్చిందో టీఎల్‌సీ ప్లేటు మీద చూడటం, కాలమ్ వేసి కాంపౌండ్‌ను విడదీయడం, అంతే. న్యూక్లియోసైడ్ ప్రాజెక్ట్ దొరికితే మాత్రం వదలొద్దు. వైరస్ తన జన్యువును కాపీ చేసుకోవడానికి వాడే ఇటుకలవి, మనం నకిలీ ఇటుక అందిస్తాం. రియాక్షన్ అయ్యాక కడిగి తీసే వర్కప్‌లో కాంపౌండ్ నీళ్లలోకే పోతుంది, ఆల్ఫా, బీటా అని రెండు రూపాలు కలిసి వస్తాయి, ఏడిపిస్తుంది.

సోఫోస్బువిర్ సంగతి తీరిగ్గా చదవండి. హెపటైటిస్ సి మందు, 2013 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ ఇటుక పనిచేయాలంటే కణంలోకి వెళ్లాక మూడు ఫాస్ఫేట్లు తగలాలి, దీనికి మొదటిది తగలడమే కష్టం. పోనీ ఆ మొదటిది మనమే తగిలించి పంపుదామంటే, దాని ఛార్జ్ వల్ల కణం పొరే దాటదు. అందుకని ఫాస్ఫేట్‌కు ముసుగు తొడిగి పంపారు, కాలేయంలో ఎంజైములు ఆ ముసుగు తీసేస్తాయి. ఈ ముసుగు పద్ధతి కార్డిఫ్‌లో క్రిస్ మెక్‌గిగన్ బృందానిది. తమాషా ఏంటంటే ముసుగు వేసినప్పుడు ఫాస్ఫరస్ దగ్గర రెండు ఐసోమర్లు, అంటే అవే అణువులు వేరే అమరికలో, వస్తాయి, కాబట్టి అణువు నిర్మాణం చూసే ఫాస్ఫరస్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో రెండు పీకులు పక్కపక్కన కనిపిస్తే ఇంప్యూరిటీ అనుకుని కంగారు పడకండి. మందుగా నిలిచింది ఆ రెండిట్లో ఒకటే.

కాంపౌండ్ పరీక్షకు ఇచ్చేసి చేతులు దులుపుకోకండి, డేటా అడగండి. నేను ఒకచోట ఆరు నెలలు ఒక సిరీస్ మీద పడ్డాను. ఈసీ50, అంటే వైరస్‌ను సగానికి తగ్గించే మోతాదు, వారం వారం దిగుతోంది, స్వీట్లు కూడా పంచాం. కణాల్లో సగం చచ్చే మోతాదు సీసీ50, అది పక్క షీట్‌లోనే ఉంది, నాతో సహా ఎవరూ తెరవలేదు. తెరిచాక తెలిసింది, మేం చంపుతున్నది కణాలనే. కణమే పోతే వైరస్ ఎక్కడ పెరుగుతుంది? ఈ రెండు అంకెల మధ్య ఎడం ఎంతుందో, పరీక్ష ఏ కణాల్లో చేశారో మొదటి రోజే అడగండి. 2020లో మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కోతి కిడ్నీ నుంచి వచ్చిన వీరో కణాల్లో కరోనాను ఆపింది, మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఆపలేకపోయింది, ఎందుకంటే అక్కడ వైరస్ లోపలికి దూరే దారి వేరు.

పేటెంట్లు చదవడం అలవాటు చేసుకోండి. వందల కాంపౌండ్లుంటాయి, మిల్లీగ్రాముల్లో చేసినవి వదిలేసి గ్రాముల్లో చేసినదేదో వెతకండి, చాలాసార్లు వాళ్ల కన్ను దాని మీదే.

వైరస్ పేరు చూసి మాత్రం కెరీర్ ఎంచుకోకండి, భయం తగ్గగానే డబ్బులూ తగ్గుతాయి. 2003లో సార్స్ కోసం ఫైజర్ వాళ్లు మొదలుపెట్టిన ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ (వైరస్ ప్రోటీన్లను కోసే ఎంజైమును ఆపే మందు) పని, జబ్బు సద్దుమణగగానే మూలపడింది. 2020లో కరోనా వచ్చాక దాని దుమ్ము దులిపితే నోటి ద్వారా ఒంటికి సరిగా పట్టదని తేలింది. అణువులో హైడ్రాక్సీమిథైల్ కీటోన్ అనే ముక్క తీసి నైట్రైల్ ముక్క పెట్టి, ఇంకా కొన్ని మార్పులు చేస్తే కరోనా మందు నిర్మాట్రెల్విర్ అయింది. దాన్ని శరీరం తొందరగా విరగ్గొట్టేస్తుంది, ఆ విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమును ఆపడానికి పాత హెచ్‌ఐవీ మందు రిటోనావిర్‌ను తోడిస్తారు. ప్రోటియేజ్, జన్యువును కాపీ చేసే పాలిమరేజ్, వీటిలో ఏదో ఒకటి గట్టిగా పట్టుకుంటే వైరస్ మారినా పని పోదు.

నోట్‌బుక్‌లో ప్రతి కాంపౌండ్ పక్కన అది ఎందుకు చేశారో ఒక లైన్ రాసుకోండి. ఇంటర్వ్యూలో ఎన్ని రియాక్షన్లు చేశావని అడిగి వదిలేయరు, ఆ ఫ్లోరిన్ అక్కడే ఎందుకు పెట్టావంటారు. "సీనియర్ చెప్పారు సార్" అంటే అంతే, మంచి ఫిల్టర్ కాఫీ ఇచ్చి పంపించేస్తారు.