ఇంట్లో అల్లం బీరు, 3వ పాఠం: ఏ పాత్రలో పులియబెట్టాలి?

పోయిన పాఠంలో అల్లం తోడు మొదలుపెట్టాం. రోజూ ఒక చెంచా అల్లం తురుము, ఒక చెంచా చక్కెర వేస్తూ వచ్చినవాళ్లకు ఈపాటికి పైన నురగ కట్టి, మూత తీస్తే 'సుయ్'మని చప్పుడు రావాలి. రాకపోతే తొందరేం లేదు, ఇంకో రెండు రోజులు చూడండి. ఈలోగా పాత్ర సంగతి తేల్చుకుందాం.

అల్లం బీరు ఎందుకు, అసలు బీరే నేర్పొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. మన పానీయం రెండు రోజులు పులిసి ఫ్రిజ్‌లోకి పోతుంది. కొద్దిపాటి ఆల్కహాల్ ఇందులోనూ పుడుతుంది కాబట్టి ఎక్కువ రోజులు వదిలేయొద్దు, పిల్లలకు పోయొద్దు. పాత్ర విషయంలో మాత్రం రెండింటికీ సూత్రం ఒకటే.

పులిసే పాత్ర అనగానే మన వైపు ఎవరికైనా గుర్తొచ్చేది కల్లు లొట్టి. మట్టి లొట్టికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఎంత కడిగినా నిన్నటి కల్లులోని ఈస్ట్ వాటిలో కొంత మిగిలే ఉంటుంది. అందుకే గీత పెట్టిన కాసేపటికే, చెట్టు మీద ఉండగానే కల్లు పులవడం మొదలవుతుంది. పులవని నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. అంటే పోయినసారి పాత్రలో ఏం పోశామో అదే ఈసారికి తోడైపోతుంది. గౌడన్నకు అది పని తప్పించే సౌకర్యం. మనకు తంటా. మనం వారం రోజులు కష్టపడి తోడు వేరుగా చేసుకున్నాం, పాత్ర తన సొంత తోడు అందులో కలపకూడదు. కాబట్టి ఏ పాత్ర చూసినా మొదట అడగాల్సింది, దీన్ని పూర్తిగా శుభ్రం చేయగలనా అని. కుండ ఇక్కడే పోయింది.

ఇత్తడి, రాగి బిందెలు కూడా వద్దు. మన పెంబర్తి ఇత్తడి ఎంత అందమైనదైనా, పులుపు తగిలితే లోహం పానీయంలోకి దిగుతుంది. అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించింది ఇందుకే. అల్యూమినియం గంజుదీ అదే కథ. తొక్కు పెట్టే జాడి బాగానే ఉంటుంది కానీ పాతది, పై మెరుపు పగుళ్లిచ్చినది వాడకండి. కొన్ని పాత మెరుపు పూతల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని బయటకు లాగుతుంది. పైగా మామిడికాయ తొక్కు వాసన అందులోంచి ఎన్నటికీ పోదని నా అనుభవం.

ప్లాస్టిక్ డబ్బా అయితే అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి. 2 లేదా 5 ఉండి, తినే వస్తువులకే చేసినదైతే పనికొస్తుంది. విదేశాల్లో ఇంట్లో బీరు కాచేవాళ్లు ఎక్కువమంది వాడేది 2వ రకం బకెట్టే. పెయింట్ డబ్బాలు ఎంత తోమినా వద్దు. ప్లాస్టిక్‌తో అసలు చిక్కు గీతలే. పీచుతో ఒక్కసారి గట్టిగా రుద్దితే పడే సన్నటి గీతల్లో బ్యాక్టీరియా చేరుతుంది, అక్కడి నుంచి అదీ లొట్టితో సమానమే. మెత్తటి బట్టతోనే కడగాలి, గీతలు పడ్డాక బియ్యం పోసుకోవడానికి వాడుకోవాలి.

స్టీలు అన్నిటికన్నా గట్టిది. మరిగే నీళ్లు పోసి కడగొచ్చు, పగలదు. 304 రకం అడగండి, అందులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని దుకాణంలో అంటారు. నమ్మకండి, నికెల్ తక్కువుండే 202 రకానికి కూడా సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. స్టీలుకున్న లోపమల్లా లోపల ఏం జరుగుతోందో కనపడకపోవడమే.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు అందుకే నేను గాజు జాడీ చెబుతాను. నురగ లేవడం, బుడగలు తగ్గడం, అడుగున మడ్డి పేరుకోవడం కళ్లారా చూస్తేనే నేర్చుకుంటాం. వరంగల్ చౌరస్తా దగ్గర సామాన్ల దుకాణాల్లో అడిగితే 5 లీటర్ల జాడీ దొరుకుతుంది. పలకలుగా ఉన్నది కాకుండా గుండ్రటిది తీసుకోండి, మూలల దగ్గర గాజు బలహీనంగా ఉంటుంది. చెయ్యి లోపలికి పట్టాలి, లేకపోతే కడగలేరు. చల్లటి జాడీలో మరిగే నీళ్లు పోస్తే పగులుతుంది. ముందు గోరువెచ్చటివి, తర్వాత వేడివి పోయాలి.

5 లీటర్ల జాడీలో 4 లీటర్లే పోయాలి. బీరు కాచేవాళ్లు కూడా 19 లీటర్లకు 23 నుంచి 25 లీటర్ల పాత్ర పెట్టుకుంటారు. ఆ ఖాళీ నురగ కోసం.

ఇప్పుడు గ్యాస్. 10 గ్రాముల చక్కెర, అంటే రెండు చెంచాలు, పూర్తిగా పులిస్తే దాదాపు 3 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మనం వేసేది అంతకు చాలా రెట్లు. నా మొదటి ప్రయత్నం ఒక మే నెలలో, హనుమకొండలో డాబా కింద గదిలో. బయట 44 డిగ్రీలు. గాలి తగిలితే పాడవుతుందని గాజు సీసా మూత బిగించి పడుకున్నా. రాత్రి రెండింటికి పెద్ద చప్పుడు. పొద్దున చూస్తే గాజు పెంకులు కిటికీ దాకా ఉన్నాయి, గోడ మీద అల్లం. అప్పుడు గదిలో ఎవరూ లేరు కాబట్టి ఈ పాఠం నవ్వుతూ రాస్తున్నా. గోలీ సోడా సీసా అంత మందంగా ఉండేది ఊరికే కాదు, ఒత్తిడి ఆపడానికే దాన్ని అలా చేస్తారు. తొక్కు సీసాకు ఆ బలం లేదు.

గ్యాస్ బయటకు పోవాలి, గాలి లోపలికి రాకూడదు. దీనికి చేపల తొట్టికి వాడే సన్న పైపు కొత్తది ఒక మీటరు చాలు. జాడీ ప్లాస్టిక్ మూతకు కాల్చిన మేకుతో పైపు కన్నా కొంచెం చిన్న రంధ్రం చేయండి. పైపు కొసను ఏటవాలుగా కోసి, ఆ మొనను పటకారుతో లాగితే బిగుతుగా కూర్చుంటుంది. లోపలి కొస పానీయానికి తగలకూడదు. బయటి కొసను గ్లాసు నీళ్లలో ముంచండి. చలికాలం రాత్రి జాడీ చల్లబడితే పైపు నీళ్లను వెనక్కి లాగుతుంది, అందుకని కాచి చల్లార్చిన నీళ్లే పోయండి.

ఎండాకాలంలో జాడీని నీళ్ల బేసిన్‌లో నిలబెట్టి తడి గోనెసంచి చుట్టండి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. 30 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలు.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. జాడీలో 4 లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, పైపు కొసను గ్లాసులో ముంచి, రెండు అరచేతులతో మూత మధ్యలో మెల్లగా నొక్కండి. గ్లాసులో బుడగ రావాలి. రాకపోతే మూత అంచునో, రంధ్రం దగ్గరో గాలి పోతోంది. మూత లోపల రబ్బరు వాషర్ వేసి మళ్లీ చూడండి.