డోటాలో కొత్తవాళ్లు ముందు చూడాల్సింది మ్యాప్

మద్దిలపాలెంలో మేం ఐదుగురం రోజూ రాత్రి డోటా 2 ఆడతాం, ఐదుగురు చొప్పున రెండు జట్లు తలపడే ఆన్‌లైన్ గేమ్ అది. కొత్తగా చేరిన తమ్ముడు ఎంతసేపూ కిల్స్ వెంటే, అంటే ఎదుటివాళ్లని చంపడానికే పరిగెత్తేవాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

మూలనున్న చిన్న మ్యాప్‌ని నాలుగైదు సెకన్లకోసారి చూడండి. మిడ్‌లో, అంటే మధ్య దారిలో, ఎదుటి జట్టు పుడ్జ్ (హుక్‌తో లాగే హీరో) కనబడటం లేదా, వెంటనే "మిస్సింగ్" అని మైక్‌లో చెప్పి మన టవర్ దగ్గరకు వచ్చేయండి. లేదంటే చెట్ల చాటునుంచి హుక్ వేసి లాగేస్తాడు. తమ్ముడు అలా వరసగా మూడుసార్లు దొరికిపోయాడు పాపం.

పెట్టినచోట చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూపించే అబ్జర్వర్ వార్డు ఉండేది 6 నిమిషాలే. అయిపోగానే ఇంకోటి పెట్టాలి, సపోర్టే (జట్టులో మిగతావాళ్లకి సాయం చేసే ఆటగాడు) పెట్టాలని ఏం లేదు.

ఫైట్ గెలిస్తే పారిపోయేవాణ్ణి తరమకండి. అందరూ కలిసి ఎదుటి జట్టు టవర్ కొట్టండి, ఆ గోల్డ్ ఐదుగురికీ వస్తుంది. ఎవరైనా తప్పు చేస్తే తిట్టకండి, భయపడి "మిస్సింగ్" చెప్పడం కూడా మానేస్తారు.