మిర్చి సీజన్ ముందు ఆస్తమా ఉన్నవాళ్ళకి: తగ్గిందని రోజూ వాడే పంపు మానకండి

పోయిన వారం గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లో గుమాస్తాగా చేసే ఒకాయన్ని అర్ధరాత్రి దాటాక 108లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండ్రోజులు ఐసీయూలో ఉంచారు, ప్రాణం దక్కింది. తర్వాత ఆయన భార్య మా మందుల షాపుకొచ్చి చేతిలో కవరు కౌంటర్ మీద బోర్లించింది. నీలం పంపులు (పీల్చే ఇన్‌హేలర్లు) మూడు, మూడూ ఖాళీ. వాటి మధ్య డాక్టరు రోజూ పీల్చమని రాసిన పంపు ఒకటి, దాని వెనక ఇంకా ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపే అంకె 104 దగ్గర ఆగిపోయి ఉంది. కొత్తదాంట్లో 120 ఉంటాయి. రెండు పూటలా రెండేసి చొప్పున నాలుగు రోజులు వాడి పక్కన పడేశాడన్నమాట. "తగ్గిపోయింది కదా అన్నయ్యా, ఇంకా మందులెందుకని మానేశారు" అంది.

ఈ మాట నాకు కొత్త కాదు. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు అంటారు, కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను. దుమ్ములోకి వెళ్ళకండి, సిగరెట్ మానండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

రాబోయే నెలలు మనకి ఎలా ఉంటాయో చూడండి. తెల్లవారుజామున మంచు, భోగి రోజు పాత టైర్లతో సహా మంటలు, ఆ వెనకే కళ్ళాల్లో కాయ ఆరబోయడం, యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగడం, తొడిమలు తీసే చోట గాల్లో తేలే కారం. ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ కలుపు మొక్క ఎటూ ఉంది. ఆస్తమా ఉన్న మనిషి ఊపిరి గొట్టాలు ముందే కాస్త వాచి ఉంటే, ఇందులో ఏ ఒక్కటైనా చాలు.

రెండు పంపులు, రెండు పనులు

నీలం రంగులో ఎక్కువగా కనిపించేది సాల్బుటమాల్, అర్జంటుకి వాడేది. బిగుసుకున్న గొట్టాలని నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. అయితే లోపలి వాపుని అది ముట్టుకోదు. వాపుని తగ్గించేది రెండోది, బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఉన్న పంపు. అది పీల్చగానే హాయిగా అనిపించదు, పూర్తి ఫలితం కనబడటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. జనం మోసపోయేది ఇక్కడే. వెంటనే సుఖమిచ్చేదాన్ని నమ్ముతారు, నిజంగా కాపాడేదాన్ని మానేస్తారు. మానేసిన మర్నాడు ఏమీ కాదు, వారం తర్వాత కూడా ఏమీ కాకపోవచ్చు, దాంతో 'చూశావా, అవసరమే లేదు' అనుకుంటారు. లోపల వాపు మళ్ళీ పేరుకుంటూ ఉంటుంది. ఒక రాత్రి చలిగాలికో, పక్కింట్లో మిరపకాయలు వేయించిన ఘాటుకో గొట్టాలు మూసుకుపోతాయి, అప్పుడు నీలం పంపు ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోకపోవచ్చు.

అందుకే ఆస్తమా చికిత్సకి ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు చూసే గినా మార్గదర్శకాలు 2019 నుంచి నీలం పంపు ఒక్కటే వాడటాన్ని సిఫారసు చేయడం మానేశాయి. ఏడాదికి 200 పఫ్‌ల నీలం పంపులు మూడు, అంతకు మించి ఖర్చవుతున్నాయంటే ఎటాక్ ముప్పు పెరిగినట్టే, పన్నెండు, అంతకు మించితే ప్రాణాపాయం ముప్పు కూడా పెరుగుతుందని అవే చెబుతున్నాయి. మీ ఇంట్లో ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి.

కొందరికి డాక్టర్లు ఒకే పంపుని రోజుకీ, అర్జంటుకీ రాస్తారు. అది స్టెరాయిడ్‌తో పాటు ఫార్మోటెరాల్ ఉన్నవాటికి, అదీ అలా వాడమని డాక్టరు చెబితేనే. చూడ్డానికి అలాగే ఉందని సాల్మెటెరాల్ ఉన్న పంపుని ఎటాక్ వచ్చినప్పుడు పీలిస్తే వెంటనే పనిచేయదు.

ఇక స్టెరాయిడ్ అనగానే భయం. ఒక పఫ్‌లో ఉండేది సాధారణంగా 100, 200 మైక్రోగ్రాములు. పంపు మానేసి ఎటాక్ తెచ్చుకుంటే పెద్దవాళ్ళకి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ బిళ్ళలు రోజుకి 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు, అదీ వరసగా అయిదారు రోజులు. దేనికి భయపడాలో మీరే ఆలోచించండి. పంపు అలవాటైపోతుందన్నది కూడా అబద్ధం. ఇంకో బాధాకరమైన సంగతి, పెళ్ళీడు ఆడపిల్ల పంపు పీలుస్తుంటే సంబంధాలు రావని దాచేసి మానిపిస్తున్న తల్లిదండ్రులున్నారు. అమ్మా, పిల్ల ఊపిరి కంటే సంబంధం ఎక్కువా? మానిపించకండి.

'ఎల్సీ బిళ్ళ' సంగతి

మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిపిన బిళ్ళని తుమ్ములకీ, ముక్కు కారడానికీ, దురదకీ డాక్టర్లు రాస్తారు. ఒకసారి రాయించుకున్న చీటీతో ఏడాది పొడవునా కొనేవాళ్ళు ఎంతోమంది. మా కౌంటర్ దగ్గర చీటీ అడిగితే కోప్పడేదీ వాళ్ళే. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, నిద్ర చెడటం, చిరాకు, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా రావచ్చని 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. ఒట్టి తుమ్ములూ జలుబే అయితే మిగతా మందులు పనిచేయనప్పుడే దీన్ని వాడమంది. అందరికీ ఇలా అవుతుందని కాదు, చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నారు. అయినా మీ పిల్లాడు ఈ బిళ్ళ మొదలుపెట్టాక రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నా, ఉన్నట్టుండి మొండికేస్తున్నా, చదువు ఒత్తిడి అనుకుని ఊరుకోకుండా డాక్టరుకి చెప్పండి.

లెవోసెట్రిజిన్ మత్తు ఇస్తుంది. వేసుకుని లారీ, ఆటో నడపొద్దు, మద్యం తాగొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ బిళ్ళ వేసుకుంటున్నాం కదా అని పంపు మానేయకూడదు. ఎటాక్ వచ్చినప్పుడు ఈ బిళ్ళ దేనికీ పనికిరాదు. పంపు బదులు బిళ్ళ కాదు. డాక్టరు మార్చి రాస్తే తప్ప, పంపు బదులు బిళ్ళ కాదు.

ఇక మిగతావి వరసగా చెబుతాను.

స్టెరాయిడ్ పంపు పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. నొక్కే పంపుకి నెమ్మదిగా లోతుగా పీల్చాలి, పొడి మందుకి గట్టిగా ఒక్క ఊపున పీల్చాలి, రెండిటికీ పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పొడి మందు క్యాప్సూల్ మింగేది కాదు. పిల్లలకీ పెద్దవయసు వాళ్ళకీ నొక్కే పంపుకి స్పేసర్ (పంపుకి తగిలించే గొట్టం లాంటి డబ్బా) పెట్టండి. పంపు బండి డిక్కీలో, ఎండలో నిలబెట్టిన కార్లో ఉంచొద్దు.

ముక్కు దిబ్బడకి వేసుకునే జైలోమెటజోలిన్ చుక్కలు అయిదు రోజులు దాటనివ్వొద్దు, దాటితే ఆ మందు వల్లే ముక్కు బిగుస్తుంది. డాక్టరు రాసిన స్టెరాయిడ్ ముక్కు స్ప్రే అయితే రోజూ కొట్టండి, తుమ్ములు వచ్చిన రోజే కాదు.

తలనొప్పికో గుండెదడకో ప్రొప్రనొలాల్ రాస్తుంటే, కంట్లో నీటికాసులకి టిమొలాల్ చుక్కలు రాస్తుంటే, ఆస్తమా ఉందని ముందే చెప్పండి, ఇవి గొట్టాల్ని బిగిస్తాయి. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొంతమందికి ఎటాక్ తెస్తాయి, ఒంటినొప్పులకి మీ అంతట మీరు కొనొద్దు. పేరు లేని పొట్లాల మందులు వద్దు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్ళో సూది వేయించుకుని ఇంటికి పోవడం వద్దు. మృగశిర కార్తెకి చేప మందు వేయించుకుంటే మీ నమ్మకం, పంపు మాత్రం మానొద్దు. కడుపుతో ఉన్నా మానొద్దు. పండక్కి ఊరెళ్తూ మరిచిపోయి వెళ్ళొద్దు. డబ్బులు చాలకపోతే తక్కువ ధరలో ఏముందో షాపులో అడగండి, మానొద్దు. తగ్గించాలన్నా డాక్టరే, అదీ రెండు మూడు నెలలు నిలకడగా ఉన్నాక.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలమవుతున్నా, పిల్లల డొక్కలు లోపలికి గుంజుతున్నా, నీలం పంపు కొట్టిన కాసేపటికే మళ్ళీ ఆయాసం వస్తున్నా, తెల్లారేదాకా ఆగొద్దు. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి సొమ్మసిల్లుతుంటే అది తగ్గడం కాదు, గాలే ఆడటం లేదని అర్థం. 108కి ఫోన్ చేయండి, పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి, వాళ్ళు వచ్చేలోపు స్పేసర్‌తో నీలం పంపు నాలుగు పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇవ్వండి, తగ్గకపోతే ఇరవై నిమిషాలకి మళ్ళీ ఇవ్వండి. ఇంట్లో ఉన్న పంపులన్నీ కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి, ఏది ఎప్పటినుంచి మానేశారో డాక్టరుకి దాచకుండా చెప్పండి.