ఇంట్లో పాట రికార్డింగ్ – 3వ పాఠం: గొంతు, గది, హక్కు

పోయిన పాఠంలో ఆడాసిటీ (శబ్దం రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసుకుని, మైకులో మాట పడుతోందో లేదో చూసుకున్నాం. ఈసారి ఒక పాట మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేద్దాం. అన్నమయ్య కీర్తన ఏదైనా తీసుకోండి. ఆయన పుట్టిన తాళ్లపాక మన రాజంపేట పక్కనే ఉంది కాబట్టి మాత్రమే కాదు, హక్కుల సంగతి నేర్చుకోవడానికి కూడా అది బాగా పనికొస్తుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు గది చూద్దాం. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పుడు అక్కడికక్కడ ఆగిపోతే సరే. వెనకాల ‘టంగ్’మని మోగితే మాత్రం అదంతా మీ పాటలోకి వచ్చేస్తుంది. కడపలో చాలా ఇళ్లలో కింద నున్నటి కడప బండలు, చుట్టూ ఖాళీ గోడలు ఉంటాయి కాబట్టి మోత ఎక్కువ. కింద బొంత పరచండి. పాడేవాళ్ల వీపు వెనక, అంటే మైకు ఏ గోడ వైపు చూస్తోందో ఆ గోడకు పరుపు ఆనించండి. దీనికి స్టూడియో ఫోమ్ కొనాల్సిన పనిలేదు.

ఇక ఫ్యాను. మే నెలలో కడపలో ఫ్యాను ఆపమంటే ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పాడే నాలుగైదు నిమిషాలూ ఆపాల్సిందే. ‘తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తీసేద్దాంలే’ అనుకోవద్దు. నాయిస్ రిడక్షన్ ఎక్కువ వాడితే ఫ్యాను మోతతో పాటు గొంతులోని జీవం కూడా పోతుంది, నీళ్లలోంచి పాడినట్టు వినిపిస్తుంది. తెల్లవారుజామున రికార్డు చేసుకుంటే అన్ని విధాలా మేలు. ఎండ ఉండదు, ఆటోలు తిరగవు, వీధిలో బోరు మోటార్లు కూడా ఇంకా ఆన్ చేసి ఉండరు.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి ‘బుఫ్’మంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆడాసిటీలో 48,000 హెర్ట్జ్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో), 24 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలో), మోనో (ఒకే చానల్) పెట్టుకోండి. గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలనే సెట్టింగ్) సరిచూడటానికి పల్లవి పాడకండి, చరణంలో గొంతు బాగా పైకి లేచే చోటు పాడండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. పల్లవికి సరిపడా గెయిన్ పెడతారు, తారస్థాయికి వెళ్లగానే మీటర్ ఎరుపెక్కుతుంది. గట్టిగా పాడే చోట కూడా మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్యలో ఆడాలి. సున్నా దాటితే శబ్ద తరంగం తల తెగిపోతుంది. తెగిన భాగం ఫైల్‌లో ఎక్కడా ఉండదు కాబట్టి దాన్ని వెనక్కి తేలేం, మళ్లీ పాడాల్సిందే. తక్కువగా పడితే టెన్షన్ వద్దు, 24 బిట్‌లో తర్వాత పెంచుకోవచ్చు.

వావ్ ఫైల్‌గానే (శబ్దాన్ని కుదించకుండా ఉంచే ఫైల్) దాచండి. ఈ సెట్టింగులతో నిమిషానికి సుమారు 8.6 ఎంబీ అవుతుంది. ఎంపీ3 అనేది సైజు కుదించి వినేవాళ్లకు ఇచ్చే కాపీ మాత్రమే. స్నేహితుడికి వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. చివరగా హెడ్‌ఫోన్‌లో ఒకసారి, మామూలు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. ఈ రోజుల్లో చాలామంది వినేది ఆ చిన్న స్పీకర్‌లోనే. అందులో మృదంగం తొప్పి (బరువైన నాదం పలికే ఎడమ వైపు) నాదం దాదాపు వినపడదు, గొంతులో సాహిత్యం మాత్రం స్పష్టంగా వినపడాలి.

అప్‌లోడ్ చేసే ముందు హక్కుల లెక్క చూసుకోవాలి. పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడూ వేర్వేరు ఆస్తులు. అన్నమయ్య కాలం 1408–1503, కాబట్టి సాహిత్యం అందరిదీ. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో చాలా కీర్తనలకు రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం పాడుకునే బాణీలు ఎన్నో 20వ శతాబ్దంలో కట్టినవే. అలా కట్టినవారిలో మన అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఒకరు. ఆయన 1979లో కన్నుమూశారు. మన దేశంలో స్వరకర్త మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే ఆయన బాణీల లెక్క 2039 చివరిదాకా నడుస్తుంది. మీరే కొత్త బాణీ కడితే అది మీది.

రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అందుకే ఎవరిదో కరోకే ట్రాక్ మీద పాడి యూట్యూబ్‌లో పెడితే, కంటెంట్ ఐడీ (ఇతరుల రికార్డింగులను పసిగట్టే యూట్యూబ్ వ్యవస్థ) దాన్ని గుర్తుపట్టి డబ్బును ట్రాక్ యజమానికి మళ్లించవచ్చు. గొంతు మీదే అయినా అంతే.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతున్నాను. వేరుశనగ చేలల్లో కూలి పనికి వెళ్లే అవ్వల దగ్గర, చెక్కభజన బృందాల దగ్గర ఫోన్ పెట్టి పాట పట్టుకుని, సొంత చానల్‌లో సొంత పేరుతో పెట్టేస్తున్నారు. పాట జానపదమే కావచ్చు, గొంతు మాత్రం పాడినవాళ్లది. చట్టం గాయకులకు 50 ఏళ్ల ప్రదర్శన హక్కు ఇచ్చింది. అడగండి, పేరు వేయండి, డబ్బులొస్తే వాటా ఇవ్వండి.

ఎవరైనా మీ పాట కొంటామంటే నోటిమాట మీద ఇవ్వకండి. హక్కు రాసివ్వడం కాగితం మీద, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు వదులుకుంటున్నామని రాసిచ్చినా అది చెల్లదు.

ఈ వారం పని: ఒక పల్లవి, ఒక చరణం మూడుసార్లు పాడి, మూడూ విడివిడి వావ్ ఫైళ్లుగా దాచండి. పక్కన నోట్‌బుక్‌లో సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, పాడిందెవరు, ఏ తేదీన అని రాయండి. బాగా రాని టేకులు కూడా చెరపకండి. 4వ పాఠంలో ఆ మూడింటిలోంచి మంచి ముక్కలు కత్తిరించి ఒకే పాటగా అతుకుదాం.